డార్విన్ ఒప్పుకున్న పొరపాటు

బిట్ పేపర్ రాసే పిల్లలకు మేమే ఒక కిటుకు నేర్పుతుంటాం: మూడు కావని తేలితే నాలుగోదే జవాబు. పరీక్షలో అది పనికొస్తుంది. కొండల్లో చార్లెస్ డార్విన్‌కు పనికిరాలేదు.

స్కాట్లండ్‌లో గ్లెన్ రాయ్ అనే లోయ ఉంది. రెండు పక్కలా కొండవాలు మీద తాడు పట్టి గీసినట్టు మూడు చారలు, ఒకదానిపైన ఒకటి. సముద్రమట్టానికి సుమారు 350, 325, 260 మీటర్ల ఎత్తున ఉంటాయి. బాటల్లా కనిపిస్తాయి గానీ, అవి ఒకప్పుడు నీరు నిలిచిన ఒడ్లు. ఏ నీరు?

1838లో డార్విన్ అక్కడ ఎనిమిది రోజులు తిరిగాడు. సరస్సే అయితే నీటిని ఆపిన కట్ట ఉండాలి, దాని ఆనవాలే లేదు. కాబట్టి సరస్సు కాదు, మిగిలింది సముద్రమే అని 1839లో వ్యాసం అచ్చువేయించాడు. దక్షిణ అమెరికాలో పైకి లేచిన సముద్రతీరాలను కళ్లారా చూసి వచ్చినవాడు మరి! గ్లెన్ రాయ్ చారల్లో ఒక్క సముద్రపు గవ్వ దొరకకపోయినా వెనక్కి తగ్గలేదు.

1840లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త లూయీ అగాసీ ఆ లోయ చూసి, కట్ట మంచుదేనన్నాడు. హిమానీనదం అడ్డుపడితే సరస్సు నిలిచింది, మంచు కరిగాక కట్టా పోయింది. డార్విన్ మనసు ఒప్పుకోలేదు.

1861లో థామస్ జేమీసన్ వెళ్లాడు. పేరున్న ప్రొఫెసరేమీ కాదు, ఒక ఎస్టేటు వ్యవహారాలు చూసుకునే మనిషి. ఒక్కో చార ఎత్తు ఒక్కో కనుమ ఎత్తుతో సరిపోవడం గమనించాడు. మన చెరువులో నీరు అలుగు మట్టానికే నిలుస్తుంది కదా, ఆ కనుమలే ఆ సరస్సుకు అలుగులు. మంచు మేట ముందుకూ వెనక్కూ జరిగిన కొద్దీ అలుగు మారింది, ఒడ్డూ మారింది. ఈ సంగతులు డార్విన్‌కు ఉత్తరం రాశాడు.

అప్పటికి జీవజాతుల ఉత్పత్తి గ్రంథం వెలువడి రెండేళ్లు. అంత పేరున్నవాడు మౌనంగా ఊరుకోవచ్చు. డార్విన్ ఊరుకోలేదు. ఆ సెప్టెంబరులోనే తన వ్యాసమంతా పొరపాటేనని జేమీసన్‌కు రాశాడు, పెద్ద భూశాస్త్రవేత్త, మిత్రుడు లయెల్‌కూ ఓటమి చెప్పుకున్నాడు. తెలిసిన కారణాలన్నీ కొట్టేసి మిగిలినదాన్నే నిజమనుకోవడం ఎంత ప్రమాదమో స్వీయచరిత్రలోనూ రాసుకున్నాడు. బోర్డు మీద మేం వేసిన లెక్కను పిల్లలు తప్పుపట్టినప్పుడు మాలో ఎందరం అంత తేలిగ్గా ఒప్పుకుంటాం?

మంచు గుర్తులు మన పాఠశాలలకూ దూరం కావు, కాకపోతే చాలా పాతవి, సుమారు 30 కోట్ల ఏళ్లనాటివి. ఒడిశాలోని తాల్చేర్ బండరాళ్లను మంచు మోసుకొచ్చిందని 1856లోనే బ్లాన్‌ఫోర్డ్ సోదరులు, థియోబాల్డ్ అన్నారు. మహారాష్ట్రలో చంద్రాపూర్ వైపు ఇరాయి దగ్గర సున్నపురాయి మీద మంచు గీరిన గీతలు 1870లలో బయటపడ్డాయి. లేఖారచన పాఠానికి ఏటా సెలవు కోరే ఉత్తరమే రాయిస్తున్నాం. ఈసారి ఒడిశా పిల్లలు, చంద్రాపూర్ పిల్లలు తాము చూసిన రాళ్ల గురించి ఒకరికొకరు తెలుగులో రాసుకుంటే? అచ్చుతప్పులు మేం దిద్దుతాం. రాళ్ల సంగతి వాళ్లే దిద్దుకుంటారు.