ప్లగ్గు పీకే ముందు...

కంప్యూటర్ ల్యాబ్‌లో ఇంటర్నెట్ ఆగిపోతే మనలో చాలామందికి తెలిసిన వైద్యం ఒక్కటే. స్విచ్ ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి, మళ్లీ పెట్టడం. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. కానీ కారణం తెలియకుండా తగ్గిన జ్వరం మళ్లీ వస్తుంది. అది స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజున వస్తే నష్టపోయేది మనమే. అందుకే స్విచ్ ఎందుకు ఆగిందో తెలుసుకునే పద్ధతిని మన హాస్టల్ తమ్ముళ్లకు అర్థమయ్యేలా చెప్పాలన్నది మా ప్రయత్నం.

ఇక్కడ స్విచ్ అంటే గోడ మీది లైటు స్విచ్ కాదు. ల్యాబ్‌లోని కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టె. ఏ కంప్యూటర్ ఏ పోర్టుకు కలిసి ఉందో గుర్తు పెట్టుకుని, ఎవరికి రావలసిన సమాచారాన్ని వారికి పంపుతుంది. కాలేజీల్లో, ఆఫీసుల్లో వాడే మేనేజ్డ్ స్విచ్‌లో ప్రాసెసర్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టం ఉంటాయి. కనుక కంప్యూటర్ లాగే అదీ క్రాష్ అవుతుంది. ఏం జరిగిందో రాసి పెట్టుకుంటుంది కూడా.

ఆ రాత రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ర్యామ్. ఇది పలక మీద సుద్దముక్కతో రాసిన రాత. కరెంటు పోతే చెరిగిపోతుంది. రెండోది ఫ్లాష్ మెమరీ. ఇది నోటుబుక్కులో పెన్నుతో రాసిన రాత. కరెంటు పోయినా ఉంటుంది. స్విచ్ రోజువారీ లాగ్ ర్యామ్‌లో ఉంటుంది. ప్లగ్గు పీకితే మొదట పోయేది అదే.

ఉదాహరణకు సిస్కో కంపెనీ క్యాటలిస్ట్ 2960 స్విచ్ చూద్దాం. అందులో 'షో వెర్షన్' అనే కమాండ్ ఇస్తే, స్విచ్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో, కిందటిసారి ఎందుకు ఆగి మొదలైందో చెబుతుంది. 'పవర్-ఆన్' అని ఉంటే కరెంటు పోయి వచ్చింది. 'రీలోడ్' అని ఉంటే ఎవరో కమాండ్ ఇచ్చి రీస్టార్ట్ చేశారు. 'బస్ ఎర్రర్' వంటి మాట ఉంటే అది నిజమైన క్రాష్. క్రాష్ అయిన స్విచ్ సాధారణంగా తనంతట తానే లేస్తుంది. అది లేచాక మనం తొందరపడి ప్లగ్గు పీకితే అసలు కారణం పోయి, ఆ స్థానంలో 'పవర్-ఆన్' వచ్చి కూర్చుంటుంది.

ఈ ఒక్క లైను ఎంత పని చేస్తుందో మేము చూశాం. ఒక ల్యాబ్‌లో రోజూ మధ్యాహ్నం స్విచ్ ఆగి, కాసేపటికి మళ్లీ వచ్చేది. కొత్త బ్యాచ్ పిల్లలు పెన్‌డ్రైవ్‌లతో వైరస్ ఎక్కించారని మాట పుట్టింది. వారిలో అంతకుముందు కంప్యూటర్ ముట్టుకోని పల్లెటూరి పిల్లలే ఎక్కువ. ఎదురు చెప్పడానికి వారి దగ్గర ఆధారం లేదు. ఇన్‌చార్జి సార్ అనుమతితో మేము 'షో వెర్షన్' చూస్తే ప్రతిసారీ 'పవర్-ఆన్' అనే ఉంది. కంప్యూటర్లన్నీ యూపీఎస్ మీద ఉన్నాయి గానీ, స్విచ్ మాత్రం ఒక పాత ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఉంది. మధ్యాహ్నం ఎవరో అదే బాక్సులో కూలర్ ప్లగ్గు పెట్టినప్పుడు స్విచ్ ప్లగ్గు కదిలిపోయేది. దాన్ని యూపీఎస్‌కు మార్చగానే జబ్బూ పోయింది, నిందా పోయింది.

ఇక చేయవలసిన పని వరుసగా చెబుతాం.

మొదట చేతులు కట్టుకుని చూడాలి. సిస్టం లైటు పచ్చగా ఉందా, నారింజ రంగులో ఉందా, ఆరిపోయిందా? నారింజ రంగు అంటే కరెంటు అందుతోంది గానీ స్విచ్ సరిగా పనిచేయడం లేదు. పోర్టుల లైట్లన్నీ ఒక్కసారిగా వేగంగా మిణుకుతుంటే అది క్రాష్ కాకపోవచ్చు. ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో పెట్టారేమో వెతకాలి. టైము, లైట్ల రంగు కాగితం మీద రాసుకోవాలి.

రెండవది, కన్సోల్ కేబుల్. నెట్‌వర్క్ పనిచేయకపోయినా దీని ద్వారా స్విచ్‌తో నేరుగా మాట్లాడవచ్చు. కంప్యూటర్‌లో పుట్టీ ప్రోగ్రాం తెరిచి, వేగం 9600 పెట్టాలి. తెర మీద వచ్చేదంతా ఫైల్‌లోకి వెళ్లేలా పుట్టీలోనే లాగింగ్ ఆన్ చేయాలి.

మూడవది, 'షో వెర్షన్', 'షో లాగింగ్', 'షో టెక్-సపోర్ట్' కమాండ్లు వరుసగా ఇవ్వాలి. చివరిది స్విచ్ పూర్తి వివరాలు ఇస్తుంది గనుక చాలాసేపు నడుస్తుంది. ఓపిక పట్టాలి. బయటివారికి పంపే ముందు ఇన్‌చార్జికి చూపాలి. అందులో నెట్‌వర్క్ రహస్యాలుంటాయి.

నాలుగవది, ఫ్లాష్‌లో 'క్రాష్ఇన్ఫో' ఫోల్డర్ వెతికి, అందులోని ఫైళ్లను కాపీ చేసుకోవాలి. క్రాష్ అయిన క్షణంలో ప్రాసెసర్ ఏ పనిలో ఉందో అందులో అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలు మనకు అర్థం కాకపోయినా కంపెనీ ఇంజనీర్లు వాటిని తెలిసిన లోపాలతో పోల్చి చూడగలరు.

ఇవన్నీ అయ్యాకే రీస్టార్ట్. కన్సోల్‌లో ఎంతకీ ఉలుకూ పలుకూ లేకపోతే, ఆ సంగతి కూడా రాసుకుని అప్పుడు ప్లగ్గు తీయాలి.

ముందు జాగ్రత్తలు రెండున్నాయి. లాగ్‌ను ఎప్పటికప్పుడు మరో కంప్యూటర్‌కు పంపించే సిస్‌లాగ్ పెట్టుకోవాలి. 1980లలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ కోసం తయారుచేసిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ఇందులో సందేశాలకు 0 నుంచి 7 వరకు స్థాయిలుంటాయి. 0 అన్నిటికన్నా ప్రమాదకరం. రెండో జాగ్రత్త గడియారం. ఈ స్విచ్‌లో గడియారాన్ని నడిపే బ్యాటరీ లేదు. కరెంటు పోయి వస్తే తేదీ 1993 మార్చి 1కి వెళ్లిపోతుంది. ఎన్‌టీపీ ద్వారా సరైన టైము అందించకపోతే లాగ్ ఉన్నా ఏది ఎప్పుడు జరిగిందో తేలదు.

తమ్ముళ్లూ, దీనికి పెద్ద డిగ్రీ అక్కర్లేదు. ఒక కేబుల్, ఒక కాగితం, కాస్త ఓర్పు చాలు. యంత్రం ఆగినప్పుడల్లా మన వైపు చూసేవారు ఉంటారు. అప్పుడు తల దించుకోకుండా, "ముందు లాగ్ చూద్దాం సార్" అని చెప్పగలిగితే చాలు. మీరు నేర్చుకున్నది మీ వెనక వచ్చే బ్యాచ్‌కు కూడా నేర్పండి.