తల్లి మనసూ, బిడ్డ క్షేమమూ

పసివాడు పడినా, కాల్చుకున్నా ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: "నువ్వేం చేస్తున్నావు?" అని. ఆ తల్లి మనసు ఎలా ఉందో అడిగేవారు అరుదు.

మనోవ్యాకులతతో బాధపడే తల్లుల పిల్లలకు ప్రమాదాలు ఎక్కువగా జరుగుతున్నాయని 1978లోనే లండన్ పరిశోధకులు బ్రౌన్, డేవిడ్‌సన్ తెలియజేశారు. ప్రేమ తక్కువై కాదు సుమండీ! నిద్రలేక, దిగులుతో అలసిన మనసు చురుకుగా పనిచేయదు. ఎదురుగా పాలు పొంగుతున్నా తోచదు. పాకే బిడ్డ గడప దాటినా ఆలస్యంగా తెలుస్తుంది. తండ్రి మనసు బాగా లేకపోయినా ఇంతే.

మన వనస్థలిపురంలో ఎన్నో ఇళ్ళకు ముంగిట్లో సంపు, పైన డాబా. సంపు మూతకు తాళం, మెట్లకు చిన్న గేటు, ఫినాయిలు సీసాకు ఎత్తైన అర ఏర్పాటు చేసుకోండి. మీకు ఓపిక లేని రోజున కూడా అవి కాపలా కాస్తాయి. అయినా పసివాణ్ణి కనిపెట్టుకుని మరో మనిషి ఉండాల్సిందే.

దిగులు రెండు వారాలైనా వదలకపోతే అది సోమరితనమూ కాదు, గ్రహచారమూ కాదు. నయమయ్యే జబ్బు. డాక్టరుకు చెప్పండి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. తనకుగాని, బిడ్డకుగాని హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పక్కింటి బాలింతరాలు ముభావంగా ఉంటే విమర్శించకండి. ఓ గంట బిడ్డను ఎత్తుకుని, ఆమెను కాస్త నిద్రపోనివ్వండి. అది ఆ ఇద్దరికీ రక్షే కదా!