ఒకే బోరు, వేరు వేరు ఎముకలు



రెంటచింతల ఎండ సంగతి మన పల్నాటివారికి వేరే చెప్పనక్కరలేదు. అలాంటి ఎండలో మిరపకాయల కోతకు వెళ్లిన సహోదరి రోజుకు ఎన్ని చెంబుల నీళ్లు త్రాగుతుందో ఎప్పుడైనా లెక్క పెట్టామా?

లెక్క పెట్టవలసిన అవసరముంది. పల్నాడులో, ముఖ్యంగా వినుకొండ, బొల్లాపల్లి వైపు, అనేక బోర్ల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. అది భూమిలోని రాళ్ల నుండి నీటిలోకి కరిగి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఈ జబ్బు మన దేశంలో మొదట 1937లో బయటపడింది మన దక్షిణపు పొరుగునున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలోనే.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు సైతం 1.5 దాటకూడదు. ఒక బోరులో 3 మిల్లీగ్రాములు ఉన్నదనుకొందాము. నీడపట్టున పనిచేసేవాడు 2 లీటర్లు త్రాగితే ఒంటిలోకి పోయేది 6. చేలో కూలి 5 లీటర్లు త్రాగితే 15! నీరు ఒక్కటే, భారం మాత్రం వేరు.

అంతేకాదు, కలిగినవారు క్యాను నీళ్లు కొనుక్కుంటారు. పాలు, పెరుగు తింటారు. వాటిలోని కాల్షియం ఫ్లోరైడును కొంత అడ్డుకుంటుంది. కూలి ఇంట్లో పాలు టీకే చాలవు. అందుకే ఆ ఇంటి పిల్లల పళ్లకు గోధుమరంగు మచ్చలు, పెద్దలకు మెడ, నడుము, మోకాళ్ల బిగువు. వారేమో వాతమనుకొని నొప్పి బిళ్లలు మింగుతూ, మళ్లీ ఆ నీళ్లే త్రాగుతారు. వంగిపోయిన ఎముకను చక్కచేసే మందు లేదు. రాకుండా చూచుకోవడమే మార్గం.

కొన్ని సంగతులు గుర్తుంచుకొనండి. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడుతుంది. త్రాగడానికే కాదు, అన్నం, పప్పు వండడానికి కూడా మంచి నీరే వాడాలి. కృష్ణా కుళాయి నీరు, శుభ్రంగా పట్టిన వాన నీరు మేలు. మజ్జిగ, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, జామ పిల్లలకు పెట్టండి. పళ్లు ఏర్పడే వయసు గనుక 8 ఏండ్లలోపు బిడ్డలను మరీ జాగ్రత్తగా చూడాలి.

మీ పేట బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారిచేత పరీక్ష చేయించండి. సంఘంలోని స్త్రీల సమాజం పూనుకుంటే ఇది పెద్ద పని కాదు. మంచి నీరు దొరికిన నాడు, మొదటి బిందె ఎండలో పనిచేసేవారి ఇంటికి చేరనివ్వండి.