గిన్నెను తీర్చే ఉక్కు అంచు

తరిమెన మీద, అంటే నేటి వాడుకలో లేత్ మీద, తిరిగే చెక్కను గిన్నెగా మలిచేటప్పుడు లోతు తవ్వడానికి ఒక ఉలి, తవ్విన లోపలి వంపును సరిచేసి నునుపు తేవడానికి స్క్రేపర్ వాడతారు. మందపాటి ఉక్కు పట్టీ కొనను గుండ్రంగా సానబట్టి పొడవైన పిడి తొడిగితే స్క్రేపర్ తయారైనట్టే కనిపిస్తుంది కాబట్టి దానిని మొరటు పనిముట్టుగా జమకట్టేవారు తక్కువేమీ కారు. నిజానికి చెక్కను కోసేది, సానబట్టినప్పుడు పై అంచున లేచి నిలిచే, వేలితో తడిమితేనే తెలిసే సన్నని ఉక్కు కొక్కెం. లోహపు పనిలో దీనిని బర్ అంటారు. బర్ నిలిచి ఉన్నంతసేపు చెక్క పలుచని పొరలుగా రాలుతుంది, అది అరగగానే పొరలకు బదులు దుమ్ము రాలుతుంది.

పై తలానికీ సానబట్టిన వాలుకూ మధ్య 70 నుంచి 80 డిగ్రీల కోణం ఉంచడం పరిపాటి. గిన్నె లోపల పనిచేసేటప్పుడు పనిముట్టును ఆనించే కమ్మీని దాటి ఉక్కు చాలా దూరం ముందుకు సాగుతుంది గనుక, అదరకుండా ఉండటానికి పట్టీ మందం 6 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది కొన వంపు. గిన్నె లోపలి వంపుకు అచ్చంగా సరిపోయేలా కొనను తీర్చడం తెలివైన పనిలా తోస్తుంది గాని, అలా చేస్తే అంచు అంతా ఒక్కసారిగా చెక్కకు తగిలి, పనిముట్టు చేతిలోంచి విదిలించుకుపోతుంది. అందుకే కొన వంపు గిన్నె వంపు కన్నా కాస్త బిగువుగా ఉండి, ఒకచోట మాత్రమే తాకాలి. పట్టుకునేటప్పుడు కూడా పిడి కొద్దిగా పైకి, కొన కొద్దిగా కిందికి వాలి ఉండాలి.

కొన తీరుతో పాటు చెక్క పోగుల దిశనూ గమనించాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి పనిలో సాధారణంగా కర్ర పోగులు లేత్ ఇరుసు వెంటే సాగుతాయి గనుక, పైగా అంకుడు మెత్తనిది గనుక, చెక్క సాఫీగా తెగుతుంది. పెద్ద గిన్నెల్లో పోగులు సాధారణంగా అడ్డంగా ఉంటాయి. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వాటి కొసలు అంచుకు ఎదురొస్తాయి, మొండి స్క్రేపర్ అక్కడ పోగులను కోయలేక పీకేస్తుంది. ఆ గరుకును గరుకు కాగితంతో రుద్ది పోగొట్టాలనుకోవడం వృథా శ్రమ.

ఇక ఉక్కు విషయం. అరిగిన ఆకురాయిని స్క్రేపర్‌గా మార్చడం చవకే గాని అపాయకరం: ఆకురాయి అతి కఠినం, అందువల్లనే పెళుసు, పళ్ళను పూర్తిగా అరగదీసి, మళ్ళీ కాచి పెళుసుదనం తగ్గించకపోతే లేత్ మీదే విరిగి ముఖాన పడవచ్చు. ఇంతకన్నా నమ్మదగినది హైస్పీడ్ స్టీల్. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో టేలర్, వైట్ అనే ఇద్దరు రూపొందించిన వేడి ప్రక్రియతో ఎదిగిన ఈ ఉక్కు, సుమారు 18 శాతం టంగ్‌స్టన్, 4 శాతం క్రోమియం, 1 శాతం వెనేడియం ఉన్న రకంలో, దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి దాకా గట్టిదనం నిలుపుకుంటుంది. 1893 నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉన్న, 1943లో ప్రాగా టూల్స్ మొదలైన సికింద్రాబాద్‌లో లోహపు లేత్ పనివారికి ఇది చిరపరిచితం.

రెండు ఉక్కులనూ ఒకే రీతిలో సానబట్టకూడదు. ఆకురాయి వంటి కార్బన్ ఉక్కు అంచు నీలిరంగుకు తిరిగితే గట్టిదనం పోయినట్టే గనుక, దానిని మాటిమాటికీ నీటిలో ముంచి చల్లార్చాలి. హైస్పీడ్ స్టీల్‌ను మాత్రం ఎర్రగా కాలిన తరువాత నీటిలో ముంచితే కంటికి కనిపించని పగుళ్ళు పుడతాయి, దానిని గాలికి ఆరనివ్వాలి.