నేల విడిచే వేగం

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ఆవరణకు పక్కనే జియా సరాయ్ అనే చిన్న ఊరున్నది. ఇరుకు సందులు, అంతస్తుపై అంతస్తుగా లేచిన ఇళ్ళు, పుస్తకాల దుకాణాలు, జిరాక్సు కొట్లు. ఇంజనీరింగు సర్వీసులకు, గేటుకు, సివిల్సుకు చదివే విద్యార్థులకు అది చిరకాలంగా నెలవు. ప్రభుత్వరంగ సంస్థలలో చేరిన మన ఇంజనీర్లలో కొందరికి ఆ సందులు సుపరిచితమే. పాలం విమానాశ్రయం అక్కడికి పడమట కొద్ది కిలోమీటర్ల దూరమే కనుక, మేడపై నిలిచిన వారికి విమానాలు కనబడటం నిత్యకృత్యం. డెబ్బై టన్నుల లోహం గాలిని నమ్ముకొని ఎలా లేస్తున్నది? అందుకు ఎంత వేగం కావాలి? పిల్లలు తరచు అడిగే ఈ ప్రశ్నకు ఒకే అంకెతో జవాబు చెప్పలేము.

రెక్క చేసే పని

విమానం ముందుకు పరుగెత్తుతున్నప్పుడు రెక్క తన మీదుగా సాగే గాలిని కిందికి మళ్ళిస్తుంది. ప్రతిచర్యగా గాలి రెక్కను పైకి నెడుతుంది. ఇదే ఉత్థాపక బలం. ఇది విమానం బరువును మించినప్పుడు చక్రాలు నేలను విడుస్తాయి. ఈ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. రెక్క వైశాల్యం, గాలి సాంద్రత, రెక్క వంపు కూడా లెక్కలోకి వస్తాయి. బయలుదేరే ముందు రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలు ఆ వంపును పెంచడానికే.

ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతోనే లేవగలదు. కడప వంటి చిన్న విమానాశ్రయాలకు వచ్చే ఏటీఆర్‌కు 200 కిలోమీటర్లు దాటాలి. ఎయిర్‌బస్ 320 తరగతికి 260 నుండి 280 వరకు, నిండుగా బరువెత్తిన బోయింగ్ 747కు 300కు దగ్గరగా అవసరం. 2003లో విరమించిన కాంకార్డ్ దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో నేల విడిచేది.

గాలి, ఎండ, ఎత్తు

ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. కావలసినది నేలపై వేగం కాదు, గాలితో పోల్చిన వేగం. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం 12 సెకన్లలో 120 అడుగులే సాగింది. మనిషి పక్కన పరుగెత్తగల వేగమది. అయినా లేచిందంటే, ఎదురుగా గంటకు 40 కిలోమీటర్లకు పైగా గాలి వీస్తుండటం తోడ్పడింది. నేటికీ విమానాలను వీలైనంతవరకు ఎదురుగాలిలోకే నడుపుతారు. 280 కావలసినచోట 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేలపై 250 చాలు. పరుగు దూరం సుమారు ఐదోవంతు తగ్గుతుంది.

వేడిగాలి పలుచన. ఢిల్లీలో జనవరి ఉదయం 5 డిగ్రీల చలిలో 280తో లేచే విమానానికి, అదే బరువుతో మే నెల 45 డిగ్రీల ఎండలో సుమారు 300 కావాలి. ఇంజన్ల శక్తి కూడా ఎండలో తగ్గుతుంది. కనుక పరుగు దూరం మరింత పెరుగుతుంది. సముద్రమట్టానికి 3,200 మీటర్లకు పైగా ఎత్తున్న లేహ్‌లో గాలి సాంద్రత మూడింట రెండువంతులే. అందుకే అక్కడి విమానాలు ఎక్కువగా చల్లని ఉదయపు వేళలలోనే నడుస్తాయి. ఎండ తీవ్రమైన వేళ కొందరు ప్రయాణికులనో, కొంత సరకునో దించివేయడం కూడా ఈ లెక్క ఫలితమే. 2008లో ఆరంభమైన శంషాబాదు రన్‌వే 4,260 మీటర్లు, అదే ఏడు ఢిల్లీలో వచ్చిన మూడవ రన్‌వే 4,430 మీటర్లు ఉండటం ఆడంబరం కాదు.

వెనుదిరగని వేగం

ప్రతి ప్రయాణానికి ముందు పైలట్లు బరువు, ఉష్ణోగ్రత, గాలి, రన్‌వే పొడవులను బట్టి మూడు వేగాలను లెక్కించుకుంటారు. మొదటిది నిర్ణయ వేగం, వారి భాషలో వీ-వన్. ఆ లోపల ఇంజను చెడితే ఆగవచ్చు. దాటితే మిగిలిన రన్‌వే ఆగడానికి చాలదు, ఒక్క ఇంజనుతోనైనా లేవవలసిందే. ఆ మాట వినగానే కెప్టెన్ ఇంజన్ల మీటలపై నుండి చేయి తీసివేస్తాడు. రెండవది ముక్కు ఎత్తే వేగం. మూడవది ఒక ఇంజను ఆగినా క్షేమంగా పైకి సాగగల వేగం.

ఈ క్రమంలో ఆలస్యానికి మూల్యమెంతో 1993 ఏప్రిల్ 26న ఔరంగాబాదులో తెలిసింది. బోయింగ్ 737 ఒకటి రన్‌వే చివర నేల విడిచిన వెంటనే, ఆవలి రోడ్డుపై పత్తి బేళ్ళతో పోతున్న లారీని తాకి కూలింది. 118 మందిలో 55 మంది మరణించారు. ముక్కు ఎత్తడంలో పైలట్ల జాప్యం ఒక కారణమని, విమాన వేళలలో రోడ్డుపై వాహనాలను నియంత్రించకపోవడం మరొక కారణమని విచారణ తేల్చింది.

ఆ రోజు విమానంలోని సాంకేతిక నైపుణ్యం ఎంత అవసరమో, రోడ్డు మీద వాహనాలను ఆపే మనిషి కూడా అంతే అవసరం. కర్మాగారాలలో, యార్డులలో పనిచేసే మనకు ఇది కొత్త పాఠం కాదు. కంట్రోల్ రూములో కూర్చున్నవారి లెక్క సరిగా ఉండాలి, గేటు దగ్గర నిలిచినవారి చూపు కూడా సరిగా ఉండాలి. ఈసారి విమానం ఎక్కినప్పుడు సీటు వెనక్కు నెట్టినట్లు అనిపించే ఆ అర నిమిషంలో, ఎందరి లెక్కలు, ఎందరి జాగ్రత్తలు మనలను నేలనుండి లేపుతున్నాయో ఒక్కసారి తలచుకుందాము.