ఫైలుకు తాళం ఎందుకు?

కంప్యూటరులో ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడుస్తుంటాయని మీకు తెలుసు. ఒక పక్క పాట వినిపిస్తుంటుంది, మరో పక్క ఉత్తరాలు వచ్చి చేరుతుంటాయి, మీరేమో వ్యాసం రాసుకుంటుంటారు. ఇవన్నీ ఒకే డిస్కు మీది ఫైళ్ళను వాడుకుంటాయి. ఎవరి ఫైలు వారిదయితే చిక్కు లేదు. రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు మీద ఒకే క్షణంలో చెయ్యి వేస్తే?

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక ఫైలులో 1000 అనే సంఖ్య ఉంది. అది ఎవరి ఖాతాలోనో ఉన్న సొమ్ము అనుకోండి. 'క' అనే ప్రోగ్రాము దానికి 200 కలపాలి, 'గ' అనే ప్రోగ్రాము 300 కలపాలి. చివరికి 1500 రావాలి గదా! కాని ఫైలులో కూడిక అంటే ఒక్క పని కాదు. ఉన్న సంఖ్యను చదవాలి, కలపాలి, మొత్తాన్ని తిరిగి రాయాలి. క 1000 చదివింది. అది తిరిగి రాసేలోపునే గ కూడా వచ్చి 1000 చదివింది. క 1200 రాసింది. ఆ వెనకనే గ తన లెక్క ప్రకారం 1300 రాసింది. 200 రూపాయలు మాయం! దొంగ ఎవరూ లేరు. క, గలను విడివిడిగా నడిపి చూడండి, ఎప్పుడూ సరిగానే వస్తుంది. ఒకదాని పని మధ్యలోకి రెండోది చొరబడడమే చిక్కు.

ఎవరు ముందు చేరారన్న దాన్నిబట్టి ఫలితం మారుతుంది గనుక దీనికి 'రేస్ కండిషన్' అని పేరు. వెయ్యిసార్లు చక్కగా నడిచి వెయ్యిన్నొకటోసారి దెబ్బ తీయడం దీని స్వభావం. ప్రోగ్రాములు రాసేవారికి దీన్ని పట్టుకోవడం అందుకే కష్టం.

ఫైళ్ళను డిస్కు మీద సర్దిపెట్టే ఫైలు వ్యవస్థకు కూడా ఈ బెడద ఉంది. అది డిస్కును చిన్న చిన్న గదులుగా విభజిస్తుంది. 1970ల నాటి యూనిక్సులో గది 512 బైట్లు. నేటి లైనక్సులో సాధారణంగా 4096. ఏ గదులు ఖాళీగా ఉన్నాయో ఒక పట్టీలో ఉంటుంది. రెండు ప్రోగ్రాములు ఒక్కసారే గది అడిగినప్పుడు రెండింటికీ 57వ గదినే ఇస్తే, మీ వ్యాసం మధ్యలో ఎవరిదో బొమ్మ వచ్చి కూర్చుంటుంది!

ఇటువంటి చిక్కే రైళ్ళకూ ఉంది. రెండు స్టేషన్ల మధ్య ఒంటి లైను ఉన్నచోట ఎదురుబొదురుగా రెండు రైళ్ళు బయలుదేరకూడదు. అందుకని డ్రైవరు చేతికి టోకెను అందితేనే రైలు కదిలే పద్ధతి పెట్టారు. రెండు స్టేషన్లలోని టోకెను యంత్రాలు విద్యుత్తుతో ముడిపడి ఉంటాయి. ఒక టోకెను బయట ఉన్నంతసేపు ఏ స్టేషనులోనూ రెండోది బయటికి రాదు. 1960లలో హాలెండు శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా కంప్యూటరుకు ఇలాంటి ఏర్పాటే చేసి, దానికి రైలు సిగ్నలు పేరే పెట్టాడు: సెమఫోర్. తాళం అన్నా ఇదే ఊహ. తాళం తీసుకున్న ప్రోగ్రాము చదివి, కలిపి, రాసి, తాళం వదిలేదాకా మరొకటి బయటే ఆగుతుంది.

ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక సందేహం రావాలి. తాళం ఖాళీగా ఉందా అని రెండు ప్రోగ్రాములూ ఒకేసారి చూస్తే? రెండింటికీ ఖాళీగానే కనిపిస్తుంది, రెండూ తీసుకుంటాయి! కథ మళ్ళీ మొదటికి వచ్చింది. కనుక చూడడం, తీసుకోవడం విడదీయరాని ఒకే పనిగా జరగాలి. 1964లో ప్రకటించిన ఐబియం సిస్టం 360లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ఆదేశం ఉంది. యూనిక్సులో ఉత్తరాల ఫైలును కాపాడడానికి, దాని పక్కన 'లాక్' అనే తోకతో మరో ఫైలు సృష్టించేవారు. "ఆ పేరుతో ఫైలు లేకపోతేనే సృష్టించు, ఉంటే కుదరదని చెప్పు" అన్నది ఒకే కోరిక. ఇద్దరు అడిగితే ఒక్కరికే దక్కుతుంది. అయితే తాళం వేసిన ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోతే ఆ ఫైలు అలాగే ఉండిపోయి అందరినీ ఆపేసేది! 1983 నాటి బర్క్‌లీ యూనిక్సులో వచ్చిన 'ఫ్లాక్' తాళం అలా కాదు. ప్రోగ్రాము ముగిస్తే అదే ఊడిపోతుంది. పైగా చదివేవారు ఎందరైనా కలిసి పట్టుకోవచ్చు, రాసేవాడు మాత్రం ఒంటరిగా పట్టుకోవాలి. కాని తాళం సంగతే అడగకుండా చొరబడే ప్రోగ్రామును అది ఆపలేదు.

తాళాలు రెండయితే మరో ప్రమాదం. రాము స్కేలు పట్టుకుని వృత్తలేఖిని కోసం, సోము వృత్తలేఖిని పట్టుకుని స్కేలు కోసం కూర్చుంటే గంట కొట్టేదాకా ఎవరి బొమ్మా పూర్తి కాదు. దీన్ని ప్రతిష్టంభన అంటారు. అందరూ ముందు స్కేలే తీసుకోవాలని నియమం పెడితే చిక్కు విడిపోతుంది. ఫైలు వ్యవస్థలు తాళాలకు ఇలా వరుస ఏర్పరచుకుంటాయి.

ఒక్కొక్కప్పుడు వరుస ఒక్కటే చాలదు. ఒకరు క ఫోల్డరును గలోకి, అదే క్షణంలో మరొకరు గను కలోకి మార్చారనుకోండి. విడిగా చూస్తే రెండూ సబబే. రెండూ జరిగితే క లోపల గ, గ లోపల క! అవి డిస్కులోనే ఉంటాయి గాని మొదటి ఫోల్డరు నుండి వెతుక్కుంటూ వెళ్ళేవారికి ఎన్నటికీ కనబడవు. అందువల్ల లైనక్సు ఒక ఫోల్డరులోని దాన్ని మరో ఫోల్డరులోకి మార్చే పనిని, ఒక్కొక్క ఫైలు వ్యవస్థలో, ఒకసారికి ఒక్కటే జరగనిస్తుంది.