ఆవిరికి కాపరి

ఉడుకుచున్న అన్నపు కుండపై మూత ఎగిరెగిరి పడుట ప్రతి యింటను కనబడు విషయమే. నీరు ఆవిరిగా మారునప్పుడు దాని పరిమాణము ఇంచుమించు 1,600 రెట్లు పెరుగును. అంతగా విస్తరించు ఆవిరికి దారి లేనిచో అది పాత్ర గోడలను అన్నివైపులకు త్రోయును. ఈ త్రోపునకే పీడనమని పేరు. కుండమూతను కదలించు ఈ శక్తిని బలమైన ఉక్కుపాత్రలో బంధించి మానవుడు ఓడలను నడపెను, రైళ్లను లాగించెను. అట్లు ఆవిరిని పుట్టించి పనికి పంపు పాత్రయే బాయిలరు.

గుడివాడ పరిసరములు వరిపంటకు పేరుపొందినవి. ధాన్యమును నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి, పిదప మరపట్టినచో ఉప్పుడు బియ్యము లభించును. ఇట్టి మిల్లునకు బాయిలరు గుండెకాయ వంటిది. దానికి కావలసిన వంటచెరకును కూడ ధాన్యమే యిచ్చును. ధాన్యపు బరువులో సుమారు ఐదవ వంతు ఊక. ఆ ఊకనే పొయ్యిలో మండింతురు. కావున ధాన్యము తన ఊకమంటతో తానే ఉడుకుచున్నదనవచ్చును.

బాయిలరును కనిపెట్టియుండు పనివాని కన్ను మొదట నీటిమట్టముపై నుండవలెను. పొయ్యిమంట తగులు ఉక్కుపలకకు ఆవలివైపున ఎల్లప్పుడు నీరుండవలెను. నీరు వేడిని పీల్చుకొనుచుండును గనుక పలక మితిమీరి కాగదు. నీటిమట్టము తగ్గి పలక బయటపడినచో అది ఎఱ్ఱగా కాలి మెత్తబడును. మెత్తబడిన పలక లోపలి పీడనమునకు తాళలేక ఉబ్బి చీలిపోవును. అప్పుడు బాయిలరు పేలును.

నీటిమట్టమును తెలుపుటకు బాయిలరు ముందుభాగమున నిలువుగా ఒక గాజుగొట్టముండును. దాని పైకొన ఆవిరితోను, క్రిందికొన నీటితోను కలిసియుండును. లోపలి నీరెంత యున్నదో గాజులోనూ అంతే కనబడును. అయితే ఈ గాజు ఒక్కొక్కప్పుడు అబద్ధమాడును. దారిలో మడ్డి పేరుకొన్నచో లోపల నీరు తగ్గినను గాజులోని నీరు కదలక నిలిచియుండును. అందుచేత జాగరూకుడైన పనివాడు ప్రతిదినము గొట్టము అడుగునగల చిన్న కుళాయిని విప్పి, గాజులోని నీటిని వదలి, మరల మూయును. నీరు వెంటనే పైకెగసినచో దారి శుభ్రముగా నున్నట్లు. మెల్లమెల్లగా ఎక్కినచో దారి పూడుచున్నట్లు గ్రహింపవలెను.

గాజులో నీరు అసలే కనబడనిచో తొందరపడి చన్నీరు పంపుట మిక్కిలి ప్రమాదకరము. కాలిన పలకపై నీరు పడినంతనే ఒక్కుమ్మడిగా ఆవిరియై పీడనము పెరుగును. అట్టి సమయమున మొదట మంటను ఆర్పి, బాయిలరును తనంత తానుగా చల్లారనీయవలెను.

బాయిలరునకు రెండవ కాపు రక్షక కవాటము. పీడనము హద్దు మీరినప్పుడు ఇది తనంత తానే తెరచుకొని, ఆవిరిని పెద్దధ్వనితో బయటికి వదలును. 1679లో డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎముకలను మెత్తబరచుటకు ఒక ఆవిరిపాత్రను నిర్మించి, దానికి ఇట్టి కవాటమును అమర్చెను. నేడు వంటయింట ఈలవేయు ప్రెషరు కుక్కరు ఆ పాత్రకు వారసురాలే. ఆవిరి వృథాయగుచున్నదని కవాటమును బిగించుట గాని, దానిపై బరువు పెట్టుట గాని తన ప్రాణమునకు తానే ముప్పు తెచ్చుకొనుట యగును.

బాయిలరు ఆయువు దానికి పోయు నీటిని బట్టి యుండును. సముద్రమునకు చేరువనున్న మచిలీపట్నము, దివిసీమ ప్రాంతములలో పెక్కుచోట్ల భూగర్భజలము ఉప్పన. అచ్చటివారికి కృష్ణాకాలువల తీపినీరే ఆధారము. 1855లో విజయవాడవద్ద పూర్తియైన ఆనకట్ట ఈ నీటిని డెల్టాకు మళ్లించెను. 1957 నుండి ఆ పనిని ప్రకాశం బ్యారేజి చేయుచున్నది. ఉప్పునీటిని బాయిలరులో పోసినచో నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు లోపలనే మిగిలి, నానాటికి చిక్కబడును. అప్పుడు నీరు నురుగుకట్టి ఆవిరితో కూడ పైకెగయును; లోహమును తినివేయును. సున్నపు లవణములుగల కఠినజలమైనచో పలకలపై రాతివంటి పొర ఏర్పడును. ఆ పొర వేడిని నీటికి చేరనీయదు. ఊక ఎక్కువ ఖర్చగును, పలకయు మాడును.

కావున కాలువనీటిని మొదట తొట్టిలో నిలిపి, బురదను తేర్చి, కాఠిన్యమును పోగొట్టి, పిదప బాయిలరునకు పంపుదురు. అడుగున చేరిన మడ్డిని దినదినము అడుగుకుళాయి ద్వారా కొన్ని క్షణములపాటు వెలికి వదలుదురు. ఆ సమయమునను చూపు గాజుగొట్టముపైననే యుండవలెను.

మంటను సరిదిద్దుట కూడ ఒక నేర్పు. పొగగొట్టమునుండి నల్లని పొగ వచ్చుచున్నచో మంటకు గాలి చాలలేదని అర్థము. గాలి మితిమీరినచో వేడి అంతయు పొగగొట్టము గుండా ఎగిరిపోవును. ఊకబూడిద విస్తారముగా మిగులును గనుక దానిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను. పని లేని నెలలలో బాయిలరును ఖాళీచేసి, ఆరబెట్టి, లోపల పొడిసున్నపు పళ్లెములుంచి మూయుదురు. ఆ సున్నము తేమను పీల్చి తుప్పు పట్టనీయదు.

చలిదేశములలో పెక్కు పాతయిండ్లను నేటికిని ఆవిరితోనే వెచ్చబరచుదురు. నేలమాళిగలోని చిన్న బాయిలరునుండి ఆవిరి గొట్టముల ద్వారా గదులకు పోయి, చల్లబడి, నీరై తిరిగివచ్చును. దాని పీడనము స్వల్పమే. అయినను గాజుగొట్టము, కవాటము, మడ్డి వదలుట అను నియమములు దానికిని తప్పవు.

బాయిలరు పేలుడు ఎంతటి వినాశమును తెచ్చునో 1905 మార్చి 20వ తేదీన అమెరికాలోని బ్రాక్టన్ నగరమున లోకమునకు తెలిసినది. అచ్చట ఒక పాదరక్షల కర్మాగారపు బాయిలరు పేలి, కప్పును చీల్చుకొని పోయెను. కూలిన భవనము మంటలలో చిక్కి 58 మంది మరణించిరి. ఆ దుఃఖమునుండియే ఆ దేశమున బాయిలరుల నిర్మాణమునకు కఠిన నియమములు పుట్టినవి. భారతదేశమున 1923లో బాయిలరుల చట్టము వచ్చెను. 2025లో దాని స్థానమున నూతన చట్టము చేయబడెను. చట్టము ప్రకారము తనిఖీ అధికారి బాయిలరును నియతకాలమున పరీక్షించి, యోగ్యతాపత్రము నొసగును. ఆ పరీక్షలో చన్నీటిని నింపి పీడనము పెంచుటయు కలదు. నీరు ఆవిరివలె విస్తరింపదు గనుక పగులున్నచోట అది కారునే గాని పేలదు.

అధికారి వచ్చునది ఎప్పుడో ఒకనాడు. మిగిలిన దినములన్నిటను బాయిలరు క్షేమము పొయ్యియొద్ద నిలిచిన పనివాని చేతిలో నున్నది. అతడు గాజును పరీక్షించుటకు పట్టునది ఒక్క నిమిషము. ఆ ఒక్క నిమిషమును ప్రతిదినము మానక వెచ్చించుట చేతనే మిల్లులోని వారందరు సాయంకాలమునకు సుఖముగా ఇండ్లు చేరుచున్నారు.